ముందు హాల్లో నేను, వెనక షెడ్డులో ప్రభుదాసు

ఈమధ్య నరసరావుపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి నన్ను పక్కవాళ్ళకు పరిచయం చేస్తూ, "ఈయన శివరావు గారు. మన ప్రభుదాసు చేసిన షోరూమ్‌లోనే ఈయన కూడా చేసేవారు" అన్నాడు. గుంటూరులో ఇరవై ఎనిమిదేళ్ళు కార్లు అమ్మినవాణ్ణి నేను. ప్రభుదాసు ఆ షోరూమ్ వెనక షెడ్డులో మెకానిక్కు. చేతిలో ఉన్న బూరె నోట్లోకి పోలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. "రిటైరయినా ఆ కుళ్ళు పోలేదా? కూర్చుని మీకు తెలిసింది రాయండి. కొత్తగా ఆ పనిలో చేరే పిల్లలకైనా పనికొస్తుంది" అంది. అందుకే రాస్తున్నాను, అమ్మబోయేవాళ్ళకూ కొనబోయేవాళ్ళకూ. కుళ్ళు పోయిందని మాత్రం చెప్పను.

బాత్‌రూమ్ ఎటండీ?

మా షోరూమ్ ముందంతా అద్దాలు. చల్లటి ఏసీ, మెత్తటి సోఫాలు, మిషన్ కాఫీ, మెడలో టైతో నేను. హాలు చివర ఒక తలుపు. అది తీస్తే రేకుల షెడ్డు, ఆయిలు వాసన, భుజాన గుడ్డముక్కతో ప్రభుదాసు.

నేను గంటసేపు కారు చుట్టూ తిప్పి, స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, రంగుల పుస్తకం చేతిలో పెట్టేవాణ్ణి. కస్టమర్ అన్నీ విని, "బాత్‌రూమ్ ఎటండీ?" అని లేచేవాడు. బాత్‌రూమ్ ఎడమవైపు. ఆయన మాత్రం తిన్నగా షెడ్డులోకి పోయేవాడు. అరగంటకు తిరిగొచ్చి, "ఇది వద్దు లెండి, ఆ మూలనున్న చిన్నది చూపించండి" అనేవాడు. ఆ అరగంట నేను చల్లారిన కాఫీ ముందు కూర్చుని ఆ తలుపు వంక చూస్తుండేవాణ్ణి.

ప్రభుదాసు వాళ్ళతో ఏం మాట్లాడతాడో తెలుసుకోవాలని ఒకరోజు స్పేర్‌పార్టుల గది పక్కన నిలబడి విన్నాను. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ "బడ్జెట్ ఎంతనుకుంటున్నారండీ?" అనే. అతను డబ్బు సంగతే ఎత్తలేదు. "రోజుకి ఎంత దూరం తిరుగుతారన్నా? ఏ దారిన? బండిలో ఎవరెవరు ఎక్కుతారు, ఏమేం ఎక్కిస్తారు?" అంతే. ఇరవై నిమిషాలు అవతలివాడే మాట్లాడాడు. ప్రభుదాసు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

ప్రత్తిపాడు దగ్గర పనిచేసే ఒక టీచరు గారు డీజిల్ కారే కావాలని పట్టుబట్టి వచ్చారు. మైలేజీ ఎక్కువని ఎవరో చెప్పారట. డీజిల్ బండి అమ్మితే నాకూ కాస్త ఎక్కువ మిగులుతుంది, కాబట్టి నేను కాదనలేదు. ఆవిడ కూడా బాత్‌రూమ్ అడిగారు.

"బడి ఎంత దూరం టీచరు గారూ?" అన్నాడు ప్రభుదాసు.

"నాలుగు కిలోమీటర్లు."

"మరి డీజిల్ దేనికండీ? దాని పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. దూరాలు తోలితే వేడెక్కి ఆ మసి దానంతటదే కాలిపోతుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు తోలితే పూడుకుపోతుంది. అస్తమానం నా దగ్గరికే వస్తారు. నాకు బాగానే ఉంటుంది, మీకే బాగుండదు."

ఆవిడ పకపకా నవ్వి పెట్రోల్ కారు కొన్నారు. డెలివరీ రోజు ఫోటో దిగేటప్పుడు, "ఆ షెడ్డులో అన్నని పిలవండి" అన్నారు. అతను గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. నేను రిబ్బను కొస పట్టుకున్నాను. స్వీటు డబ్బా కూడా అతనికే. అందులోంచి రెండు మైసూర్‌పాకులు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. నేను తినకుండా వాచ్‌మన్‌కి ఇచ్చేశాను.

ఇంకోసారి చీమకుర్తి నుంచి గ్రానైటు కాంట్రాక్టరు ఒకాయన వచ్చాడు. నేలకు అంటుకున్నట్టుండే సోకైన కారు మీద మనసు పడ్డాడు. ప్రభుదాసు ఆయనతో, "ముందు ఆ టెస్ట్ బండిని మీ క్వారీ దారిలో తోలి చూడండన్నా. మా షోరూమ్ ముందు రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది" అన్నాడు. బండి సాయంత్రానికి అడుగుభాగం గీరుకుపోయి, ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో తిరిగొచ్చింది. మేనేజరు నన్ను తిట్టాడు. కాంట్రాక్టరు ఎత్తయిన బండి కొని, దండ తెచ్చి ప్రభుదాసు మెడలో వేశాడు. తిట్లు నాకు, దండ అతనికి.

ఈ రెండు కేసుల్లో ఉన్నదే కారు కొనడమంటే. మీ దారిని, మీ ఇంటి మనుషుల్ని, మీ బరువుల్ని ముందు చూసుకోండి. కారును ఆ తర్వాత చూడండి. టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని తీసుకెళ్ళండి. వాళ్ళు ఎక్కి దిగాక నేను చెప్పాల్సింది ఏమీ మిగలదు. మీ సందు మలుపులో, మీ గేటులో బండి ఒకసారి తిప్పి చూడండి. ఇవన్నీ నాకూ తెలుసు. అడిగేవరకు చెప్పేవాణ్ణి కాదు, అంతే.

ఆషాఢం

మాకు ఉగాదికీ దసరాకూ ఊపిరాడేది కాదు. మంచిరోజున డెలివరీ కావాలని అందరూ ఒకేసారి వచ్చి పడేవారు. ఆ హడావుడిలో నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి బండి ఇచ్చేసేవాళ్ళం. తయారైన నెల ఏదని అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. యార్డులో ఎండకు ఎండి, వానకు తడిసిన పాత స్టాకు అంతా ఆ రోజుల్లోనే కదిలిపోయేది. తగ్గింపు అడిగితే, "పండగ రద్దీ అండీ, ఇదే దొరకడం గొప్ప" అనేవాళ్ళం.

ఆషాఢం వచ్చిందా, హాల్లో ఈగలు. ఆ నెలలో ఎవరూ కొత్త బండి ఇంటికి తేరు. కంపెనీ టార్గెట్ మాత్రం ఆషాఢమని ఆగదు. అప్పుడు మేం ఇచ్చేంత తగ్గింపు ఏడాదంతా ఎప్పుడూ ఇవ్వం.

ఈ రహస్యం ప్రభుదాసు వాళ్ళ చర్చిలో చెప్పేశాడు. ఆషాఢం రాగానే వాళ్ళ సంఘం వాళ్ళు ఒక్కొక్కరే వచ్చేవారు. తీరిగ్గా పట్టపగలు బండి చుట్టూ తిరిగి రంగు చూసి, తయారీ నెల చూసి, ఇన్సూరెన్సు బయట ఎంతకొస్తుందో కనుక్కుని మరీ కొనేవారు. పాస్టరు గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. ఆ ప్రార్థనలో కూడా ప్రభుదాసు పేరు వచ్చేది. బిల్లు రాసింది నేను.

మేనేజరు నేర్పిన విద్య

నేను చాలామంది మేనేజర్ల కింద పనిచేశాను. ఒకాయన మాత్రం నాకు నిజంగా పని నేర్పాడు. ఆ పని మంచిదా అంటే వేరే సంగతి.

"కస్టమర్ కారు కోసం రాడు శివరావ్. ఎవడో కొన్నాడని వస్తాడు. ఆ ఎవడో ఎవడో కనుక్కో. మిగతాది అదే అమ్ముడుపోతుంది" అనేవాడు.

అక్షరాలా నిజం. మిర్చి రేటు బాగున్న ఏడు చూడాలి మా హాలు. ఒక ఊళ్ళో ఒకడు తెల్ల బండి కొంటే ఆ నెల్లోనే అదే వీధికి మూడు తెల్ల బండ్లు పోయేవి, ఒకదాని కంటే ఒకటి జానెడు పొడుగు. పత్తి రైతు మిరప రైతుని చూసి, అన్న తమ్ముణ్ణి చూసి, వియ్యంకుడు వియ్యంకుణ్ణి చూసి కొనేవారు. అందరికంటే తొందరగా తెగే బేరం తోడల్లుళ్ళది. ఇద్దరూ ఒకే అత్తగారింటి వాకిట్లో బండ్లు ఆపాలి మరి. నేను నెమ్మదిగా ఆ పేరు రాబట్టి, వాళ్ళ బండి కంటే ఒక మెట్టు పైనున్నది చూపించేవాణ్ణి. ఎదుటివాడి ముఖంలో కుళ్ళు నాకు ఇట్టే కనబడేది. ఇంట్లో అద్దంలో రోజూ చూసుకునేదే కదా.

హనుమంతరావు, రత్తమ్మ

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. దీని కోసమే ఇంత రాశాను.

హనుమంతరావు గారిది సత్తెనపల్లి పక్క పల్లె. మిరప పండిస్తాడు. చుట్టుపక్కల రైతుల కాయకు బేరాలు కూడా కుదురుస్తాడు. వారానికి రెండుమూడు సార్లు కాయ మచ్చులు సంచుల్లో వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు తెచ్చి వ్యాపారులకు చూపిస్తాడు. ఆయన భార్య రత్తమ్మ గారికి ఉబ్బసం. నెలనెలా గుంటూరులో డాక్టరు దగ్గరికి రావాలి. బస్సులో దుమ్ముకీ తోపులాటకీ ఆవిడకు ఆయాసం ఎక్కువవుతోందని కారు కొనాలనుకున్నారు. ఇద్దరూ కలిసే వచ్చారు.

వాళ్ళు నా దగ్గరికి రాకముందే షెడ్డులోకి పోయొచ్చారు. వచ్చి కూర్చుంటూనే హనుమంతరావు గారు, "డిక్కీ ఉన్న కారు చూపించండి. మన ప్రభుదాసు అదే తీసుకోమన్నాడు" అన్నాడు.

మన ప్రభుదాసు. వాళ్ళు అతన్ని కలిసి పావుగంటయింది. నాకు ఒళ్ళు మండింది.

డిక్కీ కారు ఎందుకన్నాడో నాకు తెలుసు. డిక్కీ విడిగా ఉంటే మచ్చు సంచులు అందులో మూసిపెట్టొచ్చు, ఘాటు మనుషులుండే చోటికి అంతగా రాదు. ఎత్తు బండ్లలో వెనక సామాను పెట్టే చోటూ సీట్లూ అంతా ఒకటే గది. మిరపకాయ సంచి అక్కడ పెట్టి అద్దాలెత్తి ఏసీ వేస్తే ఆ గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఒక వ్యాపారి బండిలో పిడుగురాళ్ళ దాకా వెళ్ళి, దారి పొడుగునా తుమ్మినవాణ్ణి నేను. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు.

అయినా మాటల్లో ఆయన తోడల్లుడి పేరు రాబట్టి అడిగాను. "దర్శిలో మీ తోడల్లుడు గారు కూడా మా దగ్గరే కొన్నారండీ. ఏ బండో చూశారు కదా?"

హనుమంతరావు గారి మెడ నిటారుగా లేచింది. "చూశా. పెద్దదే."

"అంతకంటే పెద్దది నిన్ననే దిగింది. చూస్తే తప్పేముందండీ?"

చూశాడు. ఎక్కాడు. పైనుంచి రోడ్డు వంక చూశాడు. ఇక దిగడని నాకు అర్థమైంది. రత్తమ్మ గారు మాత్రం వెనక తలుపు తీయించి లోపలికి తొంగి చూశారు.

"మచ్చులు ఇక్కడ పెడితే ఘాటు ముందుకు రాదా అండీ? ఆ అబ్బాయి వస్తుందన్నాడే?"

"అబ్బే, ఏసీ వేస్తే ఏమీ రాదమ్మా" అన్నాను.

ఆవిడ నా ముఖం వంక ఒకసారి చూసి ఆ తలుపు వేసేశారు. ఆ రోజు ఫోటోకి ప్రభుదాసుని ఎవరూ పిలవలేదు. మధ్యలో నేనే నిలబడ్డాను. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. హాయిగా నవ్వుతున్నాను.

సత్తెనపల్లి బస్టాండులో

కల్లాల్లో కాయ ఎండే రోజులు. ఏదో కార్ల మేళా పెట్టడానికి సత్తెనపల్లి వెళ్ళాను. బస్టాండు ముందు టీ తాగుతుంటే, బెంచీ మీద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రత్తమ్మ గారు కనబడ్డారు. గుంటూరు బస్సు కోసం చూస్తున్నారు.

"ఏమ్మా, బండికేమైంది?" అన్నాను.

"బండికేం, దుక్కలా ఉంది. నేనే ఎక్కలేకపోతన్నా." ఆగి ఊపిరి తీసుకున్నారు. "రెండుసార్లు ఎక్కా. రెండోసారి సగం దారిలో ఊపిరాడక రోడ్డు పక్కన కూలబడ్డా. ఆ సంచులు దించేసినా ఘాటు పోదు, సీట్లకి పట్టేసింది. నీళ్ళు పెట్టి కడిగించారు, సాంబ్రాణి వేశారు. డాక్టరు గారు ఆ బండి మళ్ళీ ఎక్కితే నా దగ్గరికి రావద్దన్నాడు."

నేను టీ గ్లాసు బెంచీ మీద పెట్టాను.

"నా కోసం కారు కొన్నానని ఊరంతా చెప్పుకున్నాడు మా ఆయన. ఇప్పుడు మిరపకాయలు కార్లో పోతన్నాయి, నేను బస్సులో పోతన్నా" అన్నారు. నవ్వబోతే దగ్గొచ్చింది. బస్సు వచ్చింది. ఎక్కించడానికి నేను చెయ్యి ఇవ్వబోతే, కండక్టరే పట్టుకుని ఎక్కించాడు.

షెడ్డులో జరిగింది

ఆ తర్వాత పది రోజులకు హనుమంతరావు గారు పెద్ద బండితో షెడ్డులోకి దూసుకొచ్చాడు. బస్సులో వచ్చిన రత్తమ్మ గారు కూడా అక్కడే ఉన్నారు. కేకలు హాల్లోకి వినపడ్డాయి. మేనేజరు అటు పరుగెత్తాడు. నేను తలుపు దాకా వెళ్ళి, సందులోంచి చూస్తూ ఆగిపోయాను.

"ఏరా ప్రభుదాసూ! నువ్వు డిక్కీ బండి అంటే, మీ సారు పెద్దది అంటగట్టాడు. మా ఆడమనిషి ప్రాణం పోవాల్సింది. పిలువు ఆయన్ని. కంపెనీకి రాస్తా, ఉద్యోగం ఊడగొడతా!"

అంతకు ముందు నెలలోనే మేనేజరు నా మీద ఇంకో ఫిర్యాదుకి కాగితం రాయించుకుని ఉన్నాడు. ఇది రెండోదైతే ఉద్యోగం ఉండదు.

ప్రభుదాసు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "శివరావు సారు తప్పేం లేదన్నా. ఆ రోజు మీకు పెద్ద బండి నచ్చిందని ఆయన లోపలికొచ్చి నన్ను అడిగారు. పర్లేదు సార్, ఘాటు రాదులే అని నేనే చెప్పా. నాదే పొరపాటు" అన్నాడు.

నేను తలుపు తీసుకుని వెళ్ళి, "అతను అబద్ధం చెబుతున్నాడు" అనాలి. నా చెయ్యి గడియ మీదే ఉంది. తీయలేదు.

కాసేపటికి అతనే వాళ్ళను హాల్లోకి తీసుకొచ్చి, "సార్, వీళ్ళకి డిక్కీ బండి చూపించండి. పాతది తీసుకుని మంచి రేటు ఇప్పించండి" అన్నాడు. నా వంక సూటిగా చూడలేదు. హనుమంతరావు గారు డిక్కీ కారు తీసుకున్నాడు. బిల్లు నేనే రాశాను.

మేనేజరు ఆ సాయంత్రమే ప్రభుదాసుని పిలిచి, ఇక మీదట కస్టమర్లతో ఒక్క మాట మాట్లాడినా ఊరుకోనన్నాడు. షెడ్డు తలుపుకి తాళం పడింది. నేను ఎన్నో ఏళ్ళుగా కోరుకున్నది అదే. నెల తిరక్కుండా జనం మధ్యాహ్నం అతను అన్నం తినే వేళ చూసుకుని, బయట టీ బంకు దగ్గర కాపు కాయడం మొదలెట్టారు. షోరూమ్ అద్దంలోంచి నాకు అంతా కనబడేది.

అతను ఎందుకలా చేశాడని ఒకసారి అడిగాను. "మీకు ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు కదా సార్" అన్నాడు. అతనికి ముగ్గురు.

ఇన్నేళ్ళ తర్వాత

ఇదంతా రాయబోయే ముందు, వాళ్ళకు చెప్పకుండా కాగితం మీద పెట్టడం బాగుండదనిపించింది. పోయిన వారం సత్తెనపల్లి దాటి ఆ పల్లెకు వెళ్ళాను. హనుమంతరావు గారు పొలం వెళ్ళాడు. రత్తమ్మ గారు వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. డిక్కీ కారు పాతబడి పాకలో ఉంది. నెలనెలా దాంట్లోనే డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పారు.

నేను చెప్పాల్సింది గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ప్రభుదాసుని నేను అడగలేదని, ఘాటు వస్తుందని తెలిసే ఆవిడతో అబద్ధం ఆడానని.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసండీ. ఆ రోజే తెలుసు" అన్నారు.

"ఎలా తెలుసు?"

"అతని పేరెత్తితేనే మీ ముఖం మాడిపోయింది. అట్టాంటి మీరు లోపలికి పోయి అతన్ని సలహా అడిగారంటే ఎవరు నమ్ముతారు? అతనికేమో అబద్ధం చెప్పటం చాతకాదు. చెమటలు పట్టినయ్యి పాపం."

"మరి ఎందుకు ఊరుకున్నారమ్మా? నా ముందే కూర్చుని మళ్ళీ నా దగ్గరే కొన్నారు కదా?"

"మా ఆయన లేవబోయాడండీ, మీ సంగతి తేలుస్తానని. నేనే చొక్కా పట్టుకుని ఆపా. ఆ పిల్లాడు అంత కష్టపడి అబద్ధమాడాడు, మనం దాన్ని పాడు చెయ్యొద్దన్నా." లేచి లోపలికి వెళ్తూ, "కాఫీలో చక్కెర వేసుకుంటారా?" అని అడిగారు.

వేసుకుంటానన్నాను. ఆ వసారాలో ఒక్కణ్ణే కూర్చున్నప్పుడు నాకు సిగ్గు వేసింది, ఒప్పుకుంటాను. కానీ సిగ్గు కంటే ఎక్కువగా కుళ్ళు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు టై కట్టుకుని నేను చెప్పిన నిజాలను కూడా జనం ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. అతను జీవితంలో ఒక్క అబద్ధం ఆడితే, అది నిలబడాలని ఒక ఇల్లంతా ఇన్నేళ్ళు నోరు మూసుకుంది.